నిలవని పెడలు

దొడ్డప్ప కట్టిన పశువు తెంపుకోని పోయిందని చెప్పేవాడు ధర్మపురి పక్క అదియమాన్‌కోట్టై చుట్టుపక్కల ఒక్కడూ దొరకడు. కొమ్ములు విసిరే గిత్తయినా, మందలో పుట్టి మనిషి వాసన ఎరగని కోడెదూడయినా, ఆయప్ప చేతి పలుపు మెడకు పడిందంటే దాని పొగరు అంతటితో సరి. అట్లాంటి మనిషికి డెబ్బై దగ్గరపడినాక, మూరెడు పొడుగు కూడా లేని ప్లాస్టిక్ పెడలు ఒకటి ఎదురొచ్చి నిలబడింది. నిలబడింది అనేది మాటవరసకు. నిలబడనే నిలబడదు, అదే కదా గొడవంతా. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడు ఉంటాడని పెద్దలు ఊరికే అన్నారా?

వత్తల్‌మలై కొండ కింద పుట్టినాడు దొడ్డప్ప. తాతముత్తాతల నుంచి మందలు మేపిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, హోసూరు పక్కనుంచి వచ్చే బేరగాళ్ళతో కన్నడం. మూడు భాషల్లోనూ ఆయప్ప మాట్లాడింది పశువుల గురించే. మేపుకు నేల తగ్గి, రోడ్డు నాలుగు వరసలయి, మంద కరిగి కరిగి రెండావులకు వచ్చింది. పెద్దకొడుకు కన్నన్ లోడు వ్యాను తోలి, రోడ్డు పక్కన ఇల్లు కట్టి, ఎర్ర సిమెంటు నేల పోయించి, నాయన్ను కొండకింద నుంచి పిలుచుకోని వచ్చినాడు. అద్దంమాదిరి మెరిసే ఆ నేలంటే కోడలు మేనకకు మహా గర్వం. దొడ్డప్పకు మాత్రం మొదట్నుంచీ దానిమీద నమ్మకం లేదు. "పశువును కట్టే గూటం దిగని నేల కూడా ఒక నేలేనా?" అనేవాడు.

కన్నన్‌కు ఒక్కతే కూతురు, తనుజ. డిగ్రీ అయినాక పోలీసు ఉద్యోగానికి పోవాలని పట్టుబట్టింది. తెల్లారితే కోట పక్క మైదానంలో పరిగెత్తేది. దొడ్డప్ప ఆవుల్ని ఆ పక్కకే తోలుకోని పోయేవాడు. మేపు అక్కడ బాగుంటుందని ఇంట్లో చెప్పేవాడు గానీ, అక్కడ గడ్డిపోచ మొలిచి ఎన్నాళ్ళయిందో ఆవుల్ని అడిగితే చెప్పేవి. మనవరాలు పరిగెత్తేది చూసేదానికి పోయేవాడు, అంతే. "మా ఇంట్లో కాళ్ళుండే బిడ్డ పుట్టిందిరా" అని టీ కొట్టు కాడ మీసం దువ్వుకునేవాడు.

ఆ కాళ్ళకే దిష్టి తగిలింది. హరూర్ రోడ్డులో తనుజ ఎక్కిన షేర్ ఆటో తిరగబడింది. తుంటి విరిగింది. పెద్దాస్పత్రిలో ఆపరేషన్ చేసి ఎముక కూర్చినారు. ఎముక అతుక్కుంది, తొడ కదిలింది, మోకాలు చాచింది. మోకాలి కింద పాదం మాత్రం తడిగుడ్డ మాదిరి వేలాడింది.

ఆస్పత్రిలో కాళ్ళకు చేతులకు కసరత్తు చేయించే ఆమె పేరు తిలగవతి. ఇంటికి పంపేరోజు కన్నన్‌నీ మేనకనూ పక్కకు పిలిచి, తమిళంలో నిదానంగా చెప్పింది. "తుంటి కాడ నరం దెబ్బతినింది. నలిగిందా, తెగిందా అనేది ఇప్పుడు చెప్పలేము. రోజూ మడమ కదలకుండా పట్టుకోని, పాదం ముందుపక్కతో తొక్కించండి. నరం బతికుంటే కొంచెం కొంచెంగా ఒత్తుడు వస్తుంది. పొంగల్ పండగలోగా రాకపోతే ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి. నరానికి ఇంకో ఆపరేషన్ ఉంది. దానికి గడువుంది. గడువు దాటి కండ ఎండిపోయిందంటే ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరు."

మొగుడూ పెళ్ళాం బయటికి వచ్చి ఒక మాట అనుకున్నారు. గడువు సంగతి పిల్లకు తెలిస్తే బెదురుతుంది, చెప్పొద్దు. ముసలాయనకు కూడా చెప్పొద్దు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, నేరుగా పోయి పిల్ల దగ్గర ఏడుస్తాడు. అట్లా అనుకున్నారు పాపం, ఆయన నోరు అంత గట్టిదని వాళ్ళకేమి తెలుసు?

ఇంటికి వచ్చినాక తనుజ గోడ పక్కకు తిరిగి పడుకునింది. కసరత్తూ లేదు, గిసరత్తూ లేదు. తల్లి మడమ పట్టుకుంటే కసిరేది, తండ్రి బతిమాలితే దుప్పటి కప్పుకునేది. అన్నం సగం కంచంలోనే ఉండిపోయేది. అప్పుడు దొడ్డప్ప చిన్నకొడుకు మునిరాజ్ బెంగుళూరు నుంచి బస్సు మీద ఒక మూట వేసుకోని దిగినాడు. వాడు అక్కడ పెద్ద అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. ఇల్లు ఖాళీ చేసిన వాళ్ళెవరో ఆటసామాను వదిలేసి పోతే, అన్నకూతురికి పొద్దుపోతుందని తెచ్చినాడు.

ఆ సామాను ఏమంటే, టీవీకి తగిలించే నల్ల డబ్బా ఒకటి, దాంతోబాటు ప్లాస్టిక్ డ్రమ్ము సెట్టు. టీవీలో పాట వస్తుంది, పాటతో రంగురంగుల గీతలు దిగుతాయి. ఏ రంగు గీత దిగితే ఆ రంగు ప్యాడును పుల్లతో కొట్టాల. నారింజరంగు గీత అడ్డంగా దిగినప్పుడు కాలితో పెడలు తొక్కాల. సరిగ్గా తొక్కితే ఆ గీత భగ్గుమని మెరుస్తుంది. చూసేదానికి పిల్లకాయల ఆటే. అయినా తనుజ లేచి కూర్చునింది. రెండురోజుల్లో చేతులు కుదిరినాయి, పుల్లలు టపటపా పడినాయి. మూడోరోజు మేనక బిడ్డ పాదాన్ని ఎత్తి పెడలు మీద పెట్టి, జారిపోకుండా చున్నీతో వదులుగా చుట్టింది.

"తొక్కు పాపా, చూస్తాం."

తనుజ పళ్ళు బిగించి తొక్కింది. పెడలు పాదంతోబాటే ఎర్రసిమెంటు మీద సర్రుమని జారి, ముందున్న గోడకు టక్కుమని తగిలింది. టీవీలో నారింజ గీత మెరిసింది!

మేనక వేసిన కేక రోడ్డుదాకా వినపడింది. కన్నన్ కూతురి తల పట్టుకోని ఏడ్చినాడు. దొడ్డప్ప కొట్టంలో నుంచి పేడ చేతులతోనే పరిగెత్తుకోని వచ్చి, గడప దాటకుండా అక్కడే కూలబడి, "వచ్చేసింది రా నా బిడ్డ కాలు" అని భోరుమన్నాడు. ఆపొద్దు ఆ ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు.

"నాయనా, ఇది జారిపోతా ఉండేదానికే ఒక్కోసారి మెరవడంలేదు. కదలకుండా కట్టేస్తివంటే ఇంకెంత బాగా తొక్కుతుందో! కట్టే పని నీది" అన్నాడు కన్నన్.

"ఇదొక పనా?" అని మీసం మీద చెయ్యి వేసినాడు దొడ్డప్ప.

పనే అయింది. తడి గోనెపట్ట కింద వేసినాడు, పట్టతో సహా పోయింది. సైకిల్ ట్యూబు కోసి కింద అంటించినాడు, ఒక్క తోపుకే ఊడి మళ్ళా జారింది. ముందర ఇటుకరాయి పెట్టినాడు, ఇటుక గీసుకోని పోయి నేలమీద తెల్లగా చార పడింది. మేనక గుండె పగిలింది. "నా నేల నాశనం చేస్తివి మామా" అని ఆమే మైదాపిండితో జిగురు కాచి అంటించింది. తెల్లారేసరికి ఊళ్ళో ఉండే చీమలన్నీ పెళ్ళివిందుకు వచ్చినట్టు పెడలు చుట్టూ చేరినాయి. తనుజ చాన్నాళ్ళకు పకపకా నవ్వింది. ఆ నవ్వు వినేదానికి దొడ్డప్ప ఇంకో పది పెడళ్ళ చేతిలోనయినా ఓడిపోయి ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం ఆవులకు కుడితి పెడతా ఉండగా తట్టింది ఆయప్పకు. బండికి కట్టిన ఎద్దు బండిని వదిలి ఎక్కడికి పోతుంది? పెడలును నేలకు కట్టాలని చూసేదే తప్పు. పిల్ల కూర్చునే కుర్చీకే కట్టాల. పిల్ల బరువే దాన్ని పట్టుకుంటుంది. నెత్తిన ఒక్కటి కొట్టుకోని, సన్న తాడు తీసుకోని లోపలికి పోయినాడు.

మేనక పాల సొసైటీకి పోయింది. తనుజ ఆ కొయ్యకుర్చీలోనే తల వాల్చి నిద్రపోతా ఉంది, కాలు పెడలు పక్కన చాచుకోని. దొడ్డప్ప చప్పుడు కాకుండా కింద కూర్చోని, పెడలు వెనక గొట్టానికి తాడు తిప్పి, కుర్చీ ముందుకాళ్ళకు రెండు పక్కలా లాగి, పీటముడి వేసినాడు. చేత్తో తోసినాడు. కదల్లేదు. గట్టిగా తోసినాడు. ఊహూ. "ఎక్కడికి పోతావే ఇంక" అని దాన్ని చూసి నవ్వుకున్నాడు.

పిల్ల లేచేలోపల పాదం కూడా సర్ది పెడదామని చేతిలోకి తీసుకున్నాడు. అంతే, ఆయప్ప బొటనవేలు తనంతట తానే పోయి ఆ పిల్ల కాలివేళ్ళ సందున ఒత్తింది. పశువు కాలు పడిపోయిందంటే గిట్టల సందున ఒత్తి చూడడం ఆయప్పకు పుట్టుకతో వచ్చిన పని. ప్రాణముంటే కాలు విదిలిస్తుంది. కాలు లేవకపోయినా డొక్క మీద తోలన్నా అదురుతుంది.

ఏమీ లేదు. గోరుతో ఒత్తినాడు. అరికాల్లో ఒత్తినాడు. మడమ మీద గుచ్చినట్టు ఒత్తినాడు. పిల్ల నిదానంగా ఊపిరి తీస్తా ఉంది. చెయ్యి పైకి జరిపి మోకాలి మీద చిన్నగా గిల్లినాడు. "ఊఁ" అని నిద్రలోనే మోకాలు లాక్కునింది. మళ్ళా కిందికి పోయి పిక్క తడిమినాడు. పిక్క లేదు, తోలు ఉంది. పాదం పైకెత్తి వదిలినాడు. నేలమీద పడింది.

కాలు చచ్చింది. మందలో ఆ మాట ఎన్ని ఆవులకు చెప్పుంటాడో ఆయప్ప. బీడీ ముట్టించుకుంటా చెప్పేవాడు, బేరం మధ్యలో చెప్పేవాడు. ఇప్పుడు ఆ మాట నోట్లోకే రాలేదు.

పెడలు ఎందుకు జారతా ఉందో కూడా అప్పుడే అర్థమయింది. పిల్ల తొక్కేది పాదంతో కాదు, తొడతో తోసేది. తోస్తే పెడలు పరిగెత్తుతుంది, గోడకు గుద్దుకుంటుంది, ఆ అదురుకు లోపల బిళ్ళ మూసుకోని గీత మెరుస్తుంది. ఇంటిల్లిపాదీ ఏడ్చి నవ్వి కడుపునిండా తిన్నది ఆ గోడదెబ్బకు. ఈ ముడి ఇట్లే ఉంటే పెడలు జారదు. జారకపోతే గీత మెరవదు.

వాళ్ళ మందల్లో ఒక పద్ధతి ఉండేది. ముందు నడిచే ఆవు మెడలో గంట ఉంటుంది. దాని కాలు పడిపోయి మేపుకు పోలేకపోయినా, గంట తియ్యరు. తెల్లారి మంద కదిలేటప్పుడు ఎవరో ఒకరు పోయి దాని మెడకాడ గంట అల్లాడించి పోవాల. మందతోబాటు తానూ పోతా ఉండాననుకోని అది గడ్డి తింటుంది. గంట తీసిన మర్నాటి నుంచి గడ్డి ముట్టదని వాళ్ళ నమ్మకం. దొడ్డప్ప నాయన అట్లా ఒక ఎర్రావును ఏడాది పొడుగునా సాకినాడు. మనవరాలి ముందర నేలమీద కూర్చున్న ఆ ముసలాయనకు తోచింది అదొక్కటే. బిడ్డ ఇప్పుడిప్పుడే అన్నం తింటా ఉంది. గంట తియ్యకూడదు.

పీటముడి విప్పినాడు. దాని జాగాలో జారుముడి వేసినాడు. చూసేదానికి గట్టిగా ఉంటుంది, రెండు తోపులకు వదిలేస్తుంది. జీవితంలో మొదటిసారి, కావాలనే చెడ్డముడి వేసినాడు దొడ్డప్ప.

ఆ పొద్దునుంచి ఆయప్ప పరువు గంగలో కలిసింది. కట్టేది, ఊడిపోయేది. ఇంకో రకంగా కట్టేది, అదీ ఊడేది. "గిత్తల్ని కట్టినానని ఊరంతా చాటుకునేవాడివే మామా, ఈ ప్లాస్టిక్ ముక్క నిన్ను ఆట పట్టిస్తా ఉందే!" అని మేనక మొదట నవ్వతా అనింది. తర్వాత విసుగ్గా అనింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళ ముందర కూడా అనింది. "చేతిలో పస పోయింది ముసలాయనకు" అన్నారు టీ కొట్టు కాడ. దొడ్డప్ప తలవంచుకోని వినేవాడు. అనండ్రా అనండి, నా పరువు పోతే పోయె, నా బిడ్డ నవ్వతా ఉండాది కదా అనుకునేవాడు. ఆ నష్టమంతా తన ఒక్కడిదేనని నమ్మినాడు. పిచ్చి ముసలాడు!

తనుజ నిజంగానే నవ్వతా ఉండింది. పాటలు ఒక్కొక్కటే దాటింది. కొత్త పాట దాటినప్పుడల్లా కేకేసి తాతను పిలిచేది. "తాతా, రెండేళ్ళలో మళ్ళీ పరిగెత్తతాను చూడు. నువ్వు ఆవుల్ని తోలుకోని రావాల" అనేది. "వస్తాను పాపా" అనేవాడు. అని, కొట్టంలోకి పోయి ఆవు మెడ మీద మొహం పెట్టుకోని నిలబడేవాడు.

పొంగల్ దగ్గరపడింది. తిలగవతి తనే ఫోను చేసింది. "పాదం ఒత్తుతా ఉందా? మడమ కదలకుండా పట్టుకోని చూసినారా?"

"తొక్కుతా ఉంది మేడం, బాగా తొక్కుతా ఉంది. టీవీలో లైటు కూడా వస్తా ఉంది" అని మేనక తమిళంలో సంబరంగా చెప్పింది. "పెడలు ఒకటే జారతా ఉంది. మా మామ కడతా ఉన్నాడు."

"కదలకుండా కట్టి చూసి చెప్పండి. ఎందుకైనా మంచిది, ఒకసారి పిలుచుకోని రండి."

"సరి మేడం" అని పెట్టేసింది. పోవాలంటే కారు మాట్లాడాల, కన్నన్ లోడు పోగొట్టుకోవాల, పిల్ల తుంటినొప్పితో దారిపొడుగునా మూలగతా కూర్చోవాల. కాలేమో వస్తానే ఉండాది. మామ ఆ పెడలును కట్టినాక పోదాంలే అనుకునింది. దొడ్డప్ప వాకిట్లో పాలు పిండుకుంటా ఆ ఫోను మాటల్లో సగం విన్నాడు. "తొక్కుతా ఉంది" అనే మాట మాత్రం బాగా వినపడింది. లేచిపోయి చెప్పేస్తామా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగలేక కక్కలేక, చెంబు మీదికి వంగి పాలు పిండినాడు.

అయ్యో, ఆ పూట ఆ ఇంట్లో ఒక్కరు నోరు తెరిచి ఉంటే! ఆ తల్లి "మామా, దీనికొక గడువుంది" అనింటే చాలు. ఈయప్ప "అమ్మా, అది తొక్కడం లేదు" అనింటే చాలు. ఒకరు బిడ్డ బెదురుతుందని దాచిరి, ఒకరు బిడ్డ బెంగపడుతుందని దాచిరి. పొంగల్ వచ్చింది, పోయింది. దాని వెనక నెల మాసిమాసం వచ్చి ఎండలు మొదలయినాయి.

ఒకరోజు హరూర్ పక్క బంధువుల ఇంట్లో ఆవు ఈనలేక అవస్థ పడతా ఉందని దొడ్డప్పకు కబురు వచ్చింది. బస్సెక్కి పోయినాడు. అక్కడ దూడను బయటికి తీసి, ఆవు లేచి నిలబడేదాకా ఉండి, పొద్దు వాలే వేళకు తిరిగొచ్చినాడు. సందులో మలుపు తిరిగితే డ్రమ్ముల చప్పుడు వినపడాల. వినపళ్ళేదు.

లోపల తనుజ కుర్చీలో కూర్చోని ఉంది. మేనక పక్కన నిలబడి డబ్బా వైర్లు పీకి మళ్ళీ పెడతా ఉంది.

"తాతా, వచ్చినావా? పెడలు నేనే కట్టేసినాను చూడు" అనింది తనుజ. "నువ్వు ఎట్లెట్లనో కడతా ఉంటివి. కుర్చీకి అడ్డంగా కట్టి పీటముడి వేసినాను. ఇసుమంత కూడా కదల్లేదు."

దొడ్డప్ప వంగి ఆ ముడి చూసినాడు. గోడ పట్టుకున్నాడు.

"కట్టింది బాగానే కట్టింది మామా. పాడు పెడలు, ఇప్పుడు చూసి చెడిపోయి కూర్చునింది. మధ్యాహ్నం నుంచి తొక్కుతా ఉంది, ఒక్కసారి కూడా గీత మెరవలేదు" అనింది మేనక.

తనుజ మళ్ళా తొక్కింది. తొడ బిగుసుకునింది, మెడ నరాలు లేచినాయి, కుర్చీ కిర్రుమనింది. పెడలు కదల్లేదు. దాని మీద పాదం పడుకోనే ఉంది. టీవీలో నారింజ గీతలు ఒకదాని వెనక ఒకటి మెరవకుండానే దిగిపోయినాయి. తనుజ కొంచెంసేపు వాటినే చూసింది. తర్వాత కిందికి వంగి, పాదాన్ని చేత్తో పక్కకు జరిపి, పెడలును ఒక్క వేలితో నొక్కింది. గీత భగ్గుమని మెరిసింది. మళ్ళా నొక్కింది. మళ్ళా మెరిసింది.

"పెడలు బాగుండాదమ్మా" అనింది తనుజ.

మేనక చేతిలో వైరు కింద పడింది. "కన్నా!" అని మొగుణ్ణి పేరుపెట్టి పిలిచి, వీధిలోకి పరిగెత్తింది.

మర్నాడు చీకటితోనే కారు మాట్లాడుకోని ఆస్పత్రికి పోయినారు. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు. తిలగవతి మడమ పట్టుకోని చూసింది, పిక్క చుట్టూ టేపు పెట్టి చూసింది, పెద్దడాక్టరును పిలుచుకోని వచ్చి చూపించింది. సూదుల పరీక్ష చేయించినారు. తర్వాత ఆమె బయటికి వచ్చి బెంచీ ముందర నిలబడింది. నలుగురూ అక్కడే ఉన్నారు, తనుజ చక్రాలకుర్చీలో.

"తొక్కుతా ఉందని మీరే కదా అమ్మా చెప్పింది?" అనింది తిలగవతి. కోపంగా అనలేదు, అలసటగా అనింది. "అప్పుడే వచ్చుంటే ఆపరేషన్ చేసి చూసి ఉండొచ్చు. తప్పకుండా వచ్చేదని నేను చెప్పను. చేసి చూసి ఉండొచ్చు. ఇప్పుడు కండ నిలవలేదు. గడువు దాటిపోయింది. పాదం పడిపోకుండా పట్టీ ఇస్తాము, దాంతో నడవొచ్చు."

"గడువా?" అన్నాడు దొడ్డప్ప. "ఏం గడువు?"

మేనక చీర కొంగు నోట్లో కుక్కుకునింది. కన్నన్ తల ఎత్తలేదు. "పొంగల్‌లోగా కాలు రాకపోతే ఆపరేషన్‌కు తీసుకురమ్మన్నారు నాయనా. నీకు చెప్పలేదు. పిల్లకూ చెప్పలేదు. తొక్కుతా ఉంది కదా అని..."

దొడ్డప్ప బెంచీ మీదినుంచి జారి నేలమీద కూర్చున్నాడు. ఇంక దాచేదానికి ఏముంది? చెప్పినాడు. ఆ మధ్యాహ్నం వేళ్ళ సందున ఒత్తింది చెప్పినాడు. పీటముడి విప్పి జారుముడి వేసింది చెప్పినాడు. గంట తీసేస్తే ఆవు గడ్డి మానేస్తుందని, బిడ్డ అన్నం మానేస్తుందని భయపడినానని, రెండు చేతులూ నేలకేసి కొట్టుకుంటా చెప్పినాడు. "నాకు తెలియదమ్మా గడువుందని, నాకు తెలియదు, తెలిసుంటే నా వీపు మీద మోసుకోని వచ్చి ఉందును."

"నీ చేతులు పడిపోనూ!" అని అరిచింది మేనక. ఇన్నేళ్ళలో మామను దెప్పిందే గానీ ఒక్కసారి కూడా శపించని మనిషి. అరిచి, ఆ చేతులు పట్టుకోనే ఏడ్చింది. "నేనన్నా నీకు చెప్పుంటే, ఒక్క మాట చెప్పుంటే!" కన్నన్ గోడకు తల ఆనించి నిలబడినాడు. ఎవరిని తిట్టాలో వాడికి తెలియలేదు. తిడితే తనను తానే తిట్టుకోవాల.

తనుజ ఏడవలేదు. "తాతా, నేను ఆవునా?" అనింది.

దొడ్డప్ప తలెత్తినాడు.

"ఆవుకు చెప్తే అర్థం కాదు. నాకు చెప్పుంటే అర్థమయ్యేది. ఏడ్చి ఉందును, రెండురోజులు అన్నం మానేసి ఉందును. తర్వాత లేచి, ఇప్పుడేం చెయ్యాల అని నేనే అడిగి ఉందును. ఈ మొద్దుబారింది ఆపరేషన్ వల్లనే, పోతుందిలే అనుకుంటా ఉంటిని. నా కాలు సంగతి మీ ముగ్గురికీ తలా కొంచెం తెలుసు. నాకొక్కదానికే తెలియదు."

ఇంటికి పోయినాక తనుజ ఆ డ్రమ్ము సెట్టును తనే విప్పి, మునిరాజ్ మూట కట్టి తెచ్చిన దుప్పట్లోనే కట్టించి, అటక మీద వేయించింది. కొన్నాళ్ళు తాతతో మాట్లాడలేదు. దొడ్డప్ప కొట్టంలోనే పడుకున్నాడు. పిలిస్తే వచ్చి తినేవాడు, పిలవకపోతే అదీ లేదు.

ఆ తర్వాత ఒకరోజు తనుజే పట్టీ వేసుకోని, గోడ పట్టుకోని కొట్టందాకా వచ్చి, "టీ తాగుదువు రా తాతా" అని పిలిచింది. ఆయప్ప మొహం చెయ్యి అడ్డం పెట్టుకోని ఏడ్చినాడు. అప్పట్నుంచి ఆ పిల్ల మునుపటి మాదిరే ఉంది. తమిళ పేపరు చదివి వినిపిస్తుంది, మాత్రలు గుర్తుచేస్తుంది, ధర్మపురిలో కంప్యూటరు క్లాసుకు పోయి వచ్చి అక్కడి సంగతులన్నీ చెప్తుంది. పోలీసు ఉద్యోగం మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పట్టీతో నడిచేది అంత సుఖం కాదు. ఆ కాలిని తొడతో ఎత్తి వేయాల. సాయంత్రం బస్సు దిగి వచ్చేటప్పటికి తుంటి పట్టుకోని వంగిపోయి ఉంటుంది. పట్టీ అంచు ఒరుసుకోని పిక్క కమిలి ఉంటుంది. ఆ కాలికి తెలియదు కాబట్టి కళ్ళతో చూసుకుంటే తప్ప పుండు పడింది కూడా తెలియదు. దొడ్డప్ప తిన్నె మీద కూర్చోని ఆ పిల్ల నడిచి వచ్చేది చూస్తాడు. ఏ కాలు ఎంత బరువు మోస్తా ఉందో ఆయప్పకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

"తుంటి నొప్పి పెడతా ఉందా పాపా?"

"లేదు తాతా. బాగుంది."

"పట్టీ ఒరుసుకోలేదు కదా?"

"లేదు తాతా."

"నాకు చెప్పు పాపా, ఉంటే ఉందని చెప్పు."

"నిజంగానే బాగుంది తాతా, నువ్వు తిను" అని కంచం ముందుకు జరుపుతుంది. నవ్వతా, ఎంతో మెత్తగా చెప్తుంది. దొడ్డప్ప ఆ మొహం వంక చూస్తాడు. తర్వాత కంచం మీదికి వంగి, ఆమె చూస్తా ఉంది కాబట్టి, తింటాడు.